తాతయ్య పోస్టాఫీసు, మనవరాలి ఈఎమ్‌ఐ: తరాల తేడా ఎక్కడ మొదలవుతుంది?

1988లో పోస్టాఫీసులో రూ.10,000 పెట్టి కిసాన్ వికాస్ పత్రాలు కొన్నవాళ్లకు ఐదున్నరేళ్లు తిరిగేసరికి రూ.20,000 చేతికొచ్చాయి. ఇప్పుడు అదే కౌంటర్‌లో అదే పత్రం కొంటే డబ్బు రెట్టింపు కావడానికి 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు పడుతుంది. దీర్ఘకాల పొదుపు పథకం పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) సంగతీ అంతే. 1986 నుంచి 2000 జనవరి దాకా దాని మీద 12 శాతం వడ్డీ ఇచ్చారు. 2020 ఏప్రిల్ నుంచి ఇస్తున్నది 7.1 శాతం.

ఈ అంకెలు పక్కన పెట్టుకుని, మన ఇళ్లలో పెళ్లి భోజనాల దగ్గర జరిగే వాదనను ఒకసారి వినండి. "మేం ఒక్క జీతం మీద ముగ్గురు పిల్లల్ని చదివించి, ఆడపిల్ల పెళ్లి చేసి, ఇల్లు కట్టుకున్నాం. మీకు లక్ష వచ్చినా నెలాఖరుకి ఖాతాలో ఏమీ మిగలదు" అంటారు పెదనాన్న. "మీరు స్థలం కొన్న రేటెంత పెదనాన్నా, ఇప్పుడక్కడ గజం ఎంతుందో తెలుసా" అంటాడు తమ్ముడి కొడుకు. ఒకరు పొదుపు గుణం గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు ధర గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ఆ రెండు నిజాలు ఎక్కడా కలవవు కాబట్టి ఆ వాదన ఐస్‌క్రీమ్ దాకా సాగి ఆగిపోతుంది.

ఏ తరాన్నయినా అర్థం చేసుకోవాలంటే ముందు ఆ మనుషులు పద్దెనిమిదికీ పాతికకీ మధ్య ఉన్నప్పుడు వాళ్ల ముందున్న వడ్డీ రేట్లు, ప్రభుత్వ నిబంధనలు, దొరికే ఉద్యోగాలు ఏమిటో చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. మనం స్వభావం అని పిలిచే వాటిలో చాలా భాగం ఆ లెక్కలోంచి పుట్టిన అలవాటే. 12 శాతం వడ్డీ వచ్చే రోజుల్లో పోస్టాఫీసును నమ్మడం తెలివైన పని. అప్పట్లో ధరలూ అదే జోరుగా పెరిగేవన్నది నిజమే, 1991లో ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది. అయినా తాతయ్యకు పాస్‌బుక్‌లో కనిపించిన అంకె పెరుగుతూనే ఉండేది, ఆ నమ్మకం ఆయనలో స్థిరపడిపోయింది. అదే పని ఇవాళ పాతికేళ్ల అమ్మాయి చేస్తే, వచ్చే వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది కొంచెమే. ఆమె మ్యూచువల్ ఫండ్‌లో సిప్, అంటే నెలనెలా కొంత మొత్తం, కడుతుంటే తాతయ్యకు అది జూదంలా కనిపిస్తుంది. ఆమెకు మాత్రం అది ఇవాళ్టి పోస్టాఫీసు.

బంగారం విషయంలో తాతమ్మలదే పైచేయి అయిందని ఇక్కడ ఒప్పుకోవాలి. 2000లో పది గ్రాములు రూ.4,400 ప్రాంతంలో ఉండేది. 2025లో లక్ష దాటింది. "బంగారం కొని బీరువాలో పెడితే ఏమొస్తుంది" అని కోడళ్లకు హితబోధ చేసినవాళ్లు చాలామంది ఇప్పుడు మాట్లాడటం లేదు.

తరాల గురించి ఇప్పుడు తెలుగులో వస్తున్న రాతలు ఎక్కువగా బూమర్లు, జెన్ ఎక్స్, మిలీనియల్స్, జెన్ జీ అనే పేర్ల మీద నడుస్తున్నాయి. ఈ పేర్లు అమెరికావి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు, కాన్పులు ఒక్కసారిగా పెరిగాయి. 1946 నుంచి 1964 వరకు పుట్టినవాళ్లకు బేబీ బూమర్లు అని పేరొచ్చింది అందుకే. అదే ఏళ్లలో ఇక్కడ దేశ విభజన జరిగింది, తెలంగాణ సాయుధ పోరాటం జరిగింది, తిండిగింజల కోసం అమెరికా ఓడల వైపు చూశాం. ఆ ఏళ్లలో పుట్టిన అమెరికన్ యువకుడిగా ఉన్నప్పుడు కారు కొన్నాడు. మన దగ్గర అదే వయసువాడు స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఇద్దరికీ ఒకే పేరు పెడితే ఏమి తెలుస్తుంది? ఈ లేబుళ్లను బాగా ప్రచారంలో పెట్టిన అమెరికా సంస్థల్లో ఒకటైన ప్యూ రిసెర్చ్ సెంటర్ కూడా 2023లో, ఇకపై వీటిని ఆచితూచి వాడతామని ప్రకటించింది.

ఈ చిక్కును విప్పడానికి సామాజిక శాస్త్రవేత్తలు మూడు పోగుల్ని విడదీస్తారు. మొదటిది వయసు. పాతికేళ్లవాడు రాత్రి పొద్దుపోయేదాకా స్నేహితులతో తిరగడం, అరవై ఏళ్ల మనిషి తెల్లవారుజామునే లేచి కూర్చోవడం ఏ కాలంలోనైనా ఉంది. ఇప్పుడు మనవణ్ణి కసురుకునే తాతయ్య కూడా ఒకప్పుడు సెకండ్ షో చూసి గోడ దూకి ఇంట్లోకి వచ్చినవాడే. రెండోది కాలం. కరోనా వచ్చినప్పుడు అది ఎనభై ఏళ్లవాళ్లనూ ఎనిమిదేళ్లవాళ్లనూ ఒకేసారి ఇంట్లో కూర్చోబెట్టింది. మూడోది పుట్టుక తేదీ వల్ల, లేదా ఒక గడప దాటిన తేదీ వల్ల కొందరికి మాత్రమే తగిలి జీవితాంతం వెంట ఉండేది. అసలైన తరం తేడా ఈ మూడోదే. కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లోనే, ఒకే ఏడాదిలో పుట్టినంత మాత్రాన ఒక తరం ఏర్పడదని, యవ్వనంలో ఒకే రకం సంఘటనలు కలిసి అనుభవించినవాళ్లు తరంగా మారతారని వివరించాడు.

ఫోన్‌ను ఈ మూడింట్లో ఎక్కడ పెట్టాలో చూడండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక "పిల్లలు ఫోన్లు పట్టుకుని చెడిపోతున్నారు" అన్నది ఇంటింటి మాట అయింది. అదే ఇంట్లో అమ్మమ్మ మధ్యాహ్నం అంతా యూట్యూబ్‌లో ప్రవచనాలు, వంటలు, సీరియల్ ముక్కలు చూస్తూనే ఉంటుంది. తాతయ్య పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో శుభోదయం బొమ్మలు పంపుతారు, వాటి వెనకే నిజమో అబద్ధమో తెలియని వైద్య చిట్కాలు కూడా. ఇది తరం తేడా కాదు, అందరి మీదా పడిన కాలం. పిల్లల్ని మాత్రమే తిట్టడం అన్యాయం.

మూడో పోగుకు ఉదాహరణ కావాలంటే ఏదైనా పాత జిల్లా పరిషత్ హైస్కూల్ స్టాఫ్ రూంలోకి వెళ్లండి. పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు మాస్టార్లు. ఒకే సబ్జెక్టు, ఒకే పే స్కేలు, వయసులో ఏడాది తేడా. ఒకాయన 2004 సెప్టెంబరు 1కి ముందు ఉద్యోగంలో చేరారు. రిటైరయ్యాక ఆఖరి జీతంలో దాదాపు సగం పెన్షన్ వస్తుంది, డీఏ పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది, ఆయన తర్వాత భార్యకు కుటుంబ పెన్షన్ ఉంటుంది. రెండో ఆయన ఆ తేదీ తర్వాత చేరారు కాబట్టి సీపీఎస్, అంటే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం. నెలనెలా జీతంలోంచి పది శాతం కోత పడి మార్కెట్‌లోకి వెళ్తుంది, చివరికి ఎంత వస్తుందో ఎవరూ రాసి ఇవ్వలేరు. నోటిఫికేషన్ ముందే వచ్చినా పోస్టింగ్ ఆర్డరు చేతికందేసరికి ఆ తేదీ దాటిపోయినవాళ్ల బాధ మరీ ఎక్కువ. మొదటాయన కూతురి పెళ్లికి పీఎఫ్ లోన్ తీసి ధైర్యంగా ఖర్చుపెడతారు. రెండో ఆయన ఊరి బయట ప్లాటు కొంటారు, టర్మ్ పాలసీ కడతారు, సాయంత్రం ట్యూషన్ చెబుతారు. బయటివాళ్లు చూసి ఒకాయన ఉదారుడు, ఇంకొకాయన పిసినారి అనుకుంటారు. ఇద్దరి మధ్యా నిజంగా ఉన్నది ఒక జీవో తేదీ.

ఇలాంటి గీతే ఆడపిల్లల జీవితాల్లోనూ ఒకటి ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందున్నాం, నిజమే. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు రాష్ట్ర చట్టం వర్తించలేదు. ఒకే ఇంట్లో అక్కకు 1985 వేసవిలో, చెల్లికి మరుసటి ఏడు మాఘమాసంలో పెళ్లి జరిగి ఉంటే ఉమ్మడి ఆస్తిలో చెల్లికి హక్కు ఉంది, అక్కకు లేదు. 2005 కేంద్ర చట్టం, ఆ తర్వాత 2020లో సుప్రీంకోర్టు తీర్పు పెళ్లితో సంబంధం లేకుండా పుట్టుకతోనే కూతురికి హక్కుందని తేల్చాయి. అప్పటికి ఆ అక్క అరవైకి దగ్గరపడి ఉంటుంది, పొలం ఎప్పుడో పంచుకునో అమ్ముకునో ఉంటారు. ఇక చెల్లి తన వాటా అడిగిందా అంటే, చాలా ఇళ్లలో అడగలేదు. "పుట్టింటి రాకపోకలు పోతాయి" అన్న భయం చట్టం కంటే బలంగా పనిచేసింది. పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలనుకున్నారు. ఇప్పటి కూతుళ్లు నేరుగా అడుగుతున్నారంటే వాళ్లకు బంధాల మీద ప్రేమ తగ్గిందని నేను అనుకోను. పుట్టింటి ఆదరణ పోతే నిలబడటానికి వాళ్లకు సొంత జీతం ఉంది. వాళ్ల అమ్మలకు అది లేదు.

చదువు లెక్కలు చూస్తే ఆ తేడా ఎంతో తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1961 జనాభా లెక్కల నాటికి చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి పన్నెండు మంది. 1991లో ముప్పై ముగ్గురికి కాస్త తక్కువ. 2011లో యాభై తొమ్మిది మంది. అంటే మన అమ్మమ్మల తరంలో సంతకం పెట్టగలిగిన మనిషి ఊళ్లో విశేషం. అలాంటి అమ్మమ్మ మనవరాలు ఇవాళ డాలస్‌లో కూర్చుని టీమ్‌ను నడుపుతోంది. మధ్యలో ఉన్నది రెండే తరాలు.

అయితే ఇంటి లోపల గడియారం అంత వేగంగా తిరగలేదు. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పనిచేస్తున్నారు, మగవాళ్లు 97 నిమిషాలు. కొత్త తరం మగపిల్లలు సమానత్వం గురించి బాగానే మాట్లాడతారు. కానీ ఇంట్లో మర్నాటి ఇడ్లీకి పప్పు నానబెట్టాలన్న సంగతి ఎవరికి గుర్తుంటుందో గమనించండి. తరాలన్నీ మారిపోయాయన్నవాళ్ల మాటను నేను పూర్తిగా నమ్మలేకపోవడానికి ఇదే పెద్ద కారణం.

తిండిలో మాత్రం ఒక్క జీవితకాలంలోనే చక్రం గుండ్రంగా తిరిగింది. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో డెబ్బై, ఎనభై దాటిన పెద్దవాళ్లను కదిపితే చెబుతారు. రోజూ జొన్నసంకటో, రాగిసంకటో, సజ్జరొట్టెనో. వరన్నం అంటే పండక్కీ, అల్లుడొచ్చినప్పుడూ. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలయ్యాక పేదవాడి పళ్లెంలోకి రోజూ తెల్లన్నం వచ్చింది. దాన్ని ఇవాళ ఆరోగ్యం పేరుతో తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు. ఆకలి ఎరిగినవాళ్లకు ఆ అన్నం గౌరవం కూడా. జొన్న తినడం లేమికి గుర్తు, వరి తినడం ఎదిగినదానికి గుర్తు. ఆ బియ్యం తిని పెరిగిన కొడుకు పట్నం వచ్చి కుర్చీ ఉద్యోగంలో పడ్డాడు, నలభై అయిదుకే షుగర్ వచ్చింది. ఇప్పుడు మనవరాలు సూపర్ మార్కెట్‌లో కొర్రలు, అండుకొర్రలు బియ్యం కంటే ఎక్కువ ధర పెట్టి కొని తెస్తుంది. "ఇవి తినలేకే కదే మేం కష్టపడింది" అని నాయనమ్మ నివ్వెరపోతుంది. ఒకే గింజ. ఒకరికి పేదరికం, ఒకరికి డాక్టరు చెప్పిన పథ్యం.

మధ్య తరం, అంటే ఇప్పుడు నలభై అయిదుకీ అరవైకీ మధ్య ఉన్నవాళ్ల గురించి తక్కువ మాట్లాడుకుంటాం. అటు తాతయ్యల కష్టానికి ఉన్న గౌరవం వీళ్లకు దక్కలేదు, ఇటు పిల్లలకున్న స్వేచ్ఛా లేదు. వీళ్లు చదువుకునే రోజుల్లో ఇంజినీరింగ్ సీటంటే ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, కాకినాడ, అనంతపురం, తిరుపతి, వరంగల్ ఆర్‌ఈసీ, ఇంకొన్ని. దొరకనివాళ్లు, డొనేషన్ కట్టగలిగినవాళ్లు కర్ణాటక వెళ్లారు. మిగతావాళ్లు డిగ్రీ చేసి, టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని సర్వీస్ కమిషన్ పరీక్షలు రాశారు. హైదరాబాద్‌లో హెచ్‌ఎంటీ, ఆల్విన్, ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీల్లో ఉద్యోగం వస్తే జన్మ ధన్యమైనట్టే అనుకున్నారు. తర్వాత వాటి గతి ఏమైందో వాళ్లే కళ్లారా చూశారు. 1991 సంస్కరణలు వచ్చాయి, 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకుంది, కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ చిక్కు (వై2కే) పుణ్యమా అని అమెరికా దారి విశాలమైంది. పదేళ్లు ముందు పుట్టినవాడు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుంటుంటే పదేళ్లు వెనక పుట్టినవాడు ఆఫర్ లెటర్ తీసుకున్నాడు. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడై కూలి చేసుకునేవాళ్ల పిల్లలూ బీటెక్ చేశారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ డిగ్రీ అందరికీ అందినంత వేగంగా ఉద్యోగం అందలేదు. "మీకేం తక్కువ, బీటెక్ చదివించాం కదా" అనే తండ్రి తన కాలపు బీటెక్ విలువను లెక్కలో వేస్తున్నాడు. కొడుక్కి మాత్రం అమీర్‌పేటలో కోచింగ్, హాస్టల్ ఖర్చు, రెండేళ్ల ఎదురుచూపు.

ఇంకో మాట. ఒకే ఏడాది పుట్టారని అందర్నీ ఒక తరంగా చూడటంలోనే పెద్ద తప్పు జరుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య అమ్మాయిల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పత్రికలు రాసే జెన్ జీ అమ్మాయి ముప్పై దాకా పెళ్లి వద్దంటుంది, కెఫేలో కూర్చుని పని చేసుకుంటుంది. అదే వయసు అమ్మాయి ఒకతె పదిహేడుకే కాపురానికి వెళ్లి ఇరవైకి ఇద్దరు పిల్లల తల్లి. ఆమె జీవితం కెఫేలో కూర్చున్న అమ్మాయి కంటే తన సొంత అమ్మమ్మ జీవితానికే దగ్గరగా ఉంటుంది. పాలమూరు నుంచి వలస వెళ్లే కూలీల పిల్లలు, నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తండ్రుల పిల్లలు, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ పిల్లలు ఒకే ఏడాది పుట్టి ఉండొచ్చు. కులం, భూమి, ఆడా మగా అన్న తేడా తెచ్చే దూరం ముందు పుట్టిన సంవత్సరం తెచ్చే దూరం చాలాసార్లు చిన్నది.

అన్నింటికంటే లోతుగా పనిచేస్తున్న మార్పు పిల్లల సంఖ్య. మన అమ్మమ్మలకు సగటున నలుగురైదుగురు పిల్లలు. 1992-93 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 2.6కు దిగింది, 2005-06కి 1.8కి. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి. ప్రభుత్వం కూడా దీన్ని గట్టిగానే నడిపించింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టం చేసింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే సభల్లో చెబుతున్నారు. ఒకరినో ఇద్దరినో కని బాధ్యత గల పౌరులనిపించుకున్న తరానికి, కనడం లేదని నింద పడుతున్న తరానికి మధ్య ఉన్నది ఒక్క తల్లీకూతుళ్ల దూరమే. నాకైతే ఈ నింద అన్యాయంగా తోస్తుంది. ఇంటి అద్దె, ఎల్‌కేజీ ఫీజు, పురుటికి వచ్చి సాయం చేసే మనిషి లేకపోవడం ఇవన్నీ చూసి నిర్ణయం తీసుకుంటున్న ఆడపిల్లకు ఉపన్యాసంతో పని లేదు. ఆఫీసు దగ్గర నమ్మకమైన బాలవాడి ఒకటి పెట్టండి, అప్పుడు అడగండి.

పిల్లలు తగ్గడం, ఆయుష్షు పెరగడం ఒకేసారి జరిగాయి. స్వాతంత్ర్యం నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉంటే ఇప్పుడది 70 దగ్గరుంది. పూర్వం నలుగురు కొడుకులు మూడేసి నెలల వంతు వేసుకుని తండ్రిని చూసుకున్నారు. ఆ వంతుల్లో పెద్దవాళ్లు పడిన అవమానాలు తక్కువేమీ కావు, అప్పటి ఉమ్మడి కుటుంబాన్ని స్వర్గంగా చెప్పుకోవడం మానేస్తే మంచిది. కానీ చూసేవాళ్లంటూ నలుగురు ఉండేవాళ్లు. తల్లిదండ్రుల పోషణ బాధ్యత పిల్లలదేనని 2007లో కేంద్రం చట్టమే చేయాల్సి వచ్చింది. చట్టం నెలకింత భరణం ఇప్పించగలదు, న్యూజెర్సీలో ఉన్న ఒక్కగానొక్క కూతుర్ని విజయవాడ ఆసుపత్రి ఐసీయూ ముందు నిలబెట్టలేదు. ఆ కూతురు కూడా రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడుతూనే ఉంది, పక్కింటి ఆంటీని బతిమాలుతూనే ఉంది. దాన్ని ప్రేమ లేకపోవడం అనలేం.

ఇప్పుడు నలభై అయిదేళ్లున్న సీపీఎస్ ఉద్యోగి 2040 ప్రాంతంలో రిటైరవుతారు. ఆయనకు తండ్రికి వచ్చినట్టు పెన్షన్ రాదు, తాతకు ఉన్నట్టు నలుగురు కొడుకులు లేరు. ఆయన కూతురు అప్పటికి ముప్పైల్లో ఉంటుంది, ఇరవై ఏళ్ల ఇంటి అప్పులో సగం కూడా తీరి ఉండదు. ఆమె మీద ఇటు అమ్మానాన్న, అటు అత్తామామ, నలుగురు పెద్దవాళ్ల భారం ఉంటుంది. ఈ లెక్క ఇవాళే కాగితం మీద వేసుకోవచ్చు. ఏ ఖాతాలో ఎంత ఉంది, ఆరోగ్య బీమా ఎవరి పేరున ఎంతకు ఉంది, ఇల్లు ఎవరి పేర రాయాలి, మంచాన పడితే ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అన్న నాలుగు ప్రశ్నలు తండ్రి కూతురితో మాట్లాడాలి. మన ఇళ్లలో ఈ మాటలు అపశకునమని ఆపేస్తారు. తండ్రికి ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే, పండక్కి కూతురు ఇంటికొచ్చినప్పుడే, భోజనాలయ్యాక ఆ కాగితాలు బయటికి తీయాలి.